రోజూ దారిలో కనిపించే పాత కారును గుర్తుపట్టడం ఎలా?

ప్రశ్న

అందరికీ నమస్కారం. నేను రోజూ నడిచే దారిలో నెల రోజులుగా ఒక పాత కారు నిలిపి ఉంటోంది. పేరు చెప్పే అక్షరాలేవీ దాని మీద మిగలలేదు. ముందు భాగం చేప మూతిలా సన్నబడి ఉంటుంది. హెడ్‌లైట్లు గాజు పలకల వెనుక జంటలుగా ఉన్నాయి. వెనుక చక్రాలు సగానికి పైగా రేకు చాటున దాగి ఉంటే, వెనుక ఇండికేటర్లు కప్పు అంచున, అద్దానికి రెండు పక్కలా చిన్న కొమ్ముల్లా ఉన్నాయి. టైర్లలో గాలి లేదేమో అనిపించేంతగా కారు నేలకు కుంగి ఉంటుంది. నిన్న ఉదయం యజమాని ఇంజను స్టార్ట్ చేసి కాసేపు కదలకుండా కూర్చున్నారు. నేను చూస్తుండగానే మొదట వెనుక భాగం, ఆ తరువాత ముందు భాగం, ఒంటె లేచినట్టుగా పైకి లేచాయి. ఇది ఏ కారు? ఇలాంటివి మళ్లీ ఎదురైతే సొంతంగా పోల్చుకోవడానికి ఏమేమి గమనించాలి? దగ్గరికి వెళ్లి ఫొటో తీసుకోవచ్చా?

మొదటి సమాధానం

మీరు చూసింది ఫ్రాన్స్ కంపెనీ సిట్రోయెన్ తయారు చేసిన డీఎస్, లేదా దాని తోబుట్టువైన, కాస్త చవక రకం ఐడీ. డీఎస్‌ను 1955లో పారిస్ మోటార్ షోలో తొలిసారి ప్రదర్శించారు. తయారీ 1975లో ఆగిపోయింది. హెడ్‌లైట్లు గాజు వెనుక ఉన్నాయంటే అది 1967 తరువాతి రూపం.

కారు లేవడానికి కారణం దాని సస్పెన్షన్, అంటే చక్రాల మీద కారు బరువును మోస్తూ కుదుపులను తగ్గించే ఏర్పాటు. మామూలు స్ప్రింగుల స్థానంలో ప్రతి చక్రం దగ్గరా ఒక ఉక్కు గోళం ఉంటుంది. అందులో ఒక పక్క నైట్రోజన్ వాయువు, మరో పక్క ఒత్తిడితో కూడిన ద్రవం ఉంటాయి. ఇంజను ఆపి ఉంచితే ఒత్తిడి మెల్లగా తగ్గి కారు కిందికి దిగుతుంది. ఇంజను తిరగగానే పంపు ఆ ద్రవాన్ని మళ్లీ నింపుతుంది. ఎప్పుడైనా బానెట్ తెరిచి ఉంటే తొంగి చూడండి, ఆ గోళాలు ఆకుపచ్చ రంగులో కనిపిస్తాయి.

సుమారు 14.5 లక్షల కార్లు తయారయ్యాయి కాబట్టి పుట్టుకతో ఇది అరుదైన కారు కాదు. అయితే తుప్పును, ద్రవం కారడాన్ని తట్టుకుని, ఇన్నేళ్ల తరువాత కూడా యజమానిని రోజూ పనికి తీసుకెళుతున్న డీఎస్ కనిపించడం నిజంగా అరుదు. ప్రదర్శనశాలలో పది కార్లు చూసినా ఆ లేవడం మీకు కనిపించేది కాదు.

రెండవ సమాధానం

రెండో ప్రశ్నకు నా అనుభవం నుంచి చెబుతాను. పేరున్న బిళ్లలు ఊడిపోతాయి, రంగులు మారిపోతాయి, కానీ అద్దాల ఆకారాన్ని మార్చడం అంత సులువు కాదు కాబట్టి నేను మొదట వాటినే చూస్తాను. ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ వెనుక అద్దం 1953 ఆరంభం వరకు రెండు ముక్కలుగా ఉండేది, ఆ తరువాత 1957 వరకు కోడిగుడ్డు ఆకారంలో ఒకే ముక్కగా వచ్చింది, అక్కడి నుంచి వెడల్పయింది. అలాగే మోరిస్ మైనర్ ముందు అద్దం మధ్యలో నిలువు పట్టీ ఉంటే అది 1956కు ముందరి నమూనా. ఆ రోజుల మైనర్‌కు ఇండికేటర్ బదులు తలుపు పక్కన స్తంభంలోంచి చిన్న చెయ్యిలాంటి పలక బయటికి లేచేది.

ఆ తరువాత చెవులకు, ముక్కుకు పని చెప్పండి. ఒక వాన సాయంత్రం మలుపు అవతల నుంచి మోటారు సైకిల్ లాంటి పటపట శబ్దం, దాని వెంటే కాలిన నూనె వాసన వచ్చాయి. వచ్చింది మాత్రం గుండ్రటి వీపున్న సాబ్ 96. మొదటి సాబ్ 96లలో పెట్రోలుతో పాటు నూనె కూడా కాల్చే మూడు సిలిండర్ల టూ స్ట్రోక్ ఇంజను ఉండేది. కారు కనిపించకముందే దాని జాతి తెలిసిపోయిన ఆ క్షణాన్ని నేను ఇప్పటికీ మరిచిపోలేదు.

మూడవ సమాధానం

పై మాటలకు ఒక హెచ్చరిక చేర్చాలి. 1950ల నాటి పోర్షే 356 స్పీడ్‌స్టర్‌లా కనిపించేవాటిలో చాలా వరకు బీటిల్ ఛాసిస్‌ను, అంటే అడుగు చట్రాన్ని, కురచ చేసి, దాని మీద ఫైబర్ గ్లాస్ బాడీ బిగించిన నకళ్లు. వాటిని చూసి ఆనందించడంలో తప్పు లేదు, అసలుదని ప్రకటించే ముందు మాత్రం యజమానిని అడగడం మంచిది.

ఇక ఫొటో సంగతి. కొన్నేళ్ల కిందట నేను ఒక ఇంటి ముందున్న పాత కారును ఫొటో తీసి, నంబర్ ప్లేటుతో, వీధి పేరుతో సహా ఇంటర్నెట్‌లో పెట్టాను. వారం తిరగకుండా ముక్కూమొహం తెలియనివాళ్లు బేరానికి వెళ్లి ఆ పెద్దాయన తలుపు తట్టారు. ఆయన నన్నేమీ అనలేదు కానీ కారును వెనక్కు మార్చి పరదా కప్పేశారు. ఆ దారిన వెళ్లే అందరికీ ఆ కారును దూరం చేసింది నేనే అన్న బాధ నాకు ఇంకా ఉంది. కాబట్టి అడిగి తీయండి, రేకును ముట్టుకోకండి, నంబరూ చోటూ బయటపెట్టకండి.

ప్రశ్న అడిగిన వారి నుంచి

అందరికీ ధన్యవాదాలు. ఈ రోజు యజమానిని పలకరించాను. అది డీఎస్సే. వెనుక చక్రం అంతగా దాగి ఉంటే టైరు ఎలా మారుస్తారని అడిగితే, ఆవిడ ఎంతో సంతోషంగా చేసి చూపించారు. డ్రైవరు కాళ్ల పక్కనున్న మీటతో కారును పూర్తిగా పైకి లేపి, పక్కన ఒక స్టాండు నిలబెట్టి, మీటను కిందికి జరపగానే చక్రం తనంతట తానే నేలను వదిలి పైకి ముడుచుకుంది. ఆ తరువాత వెనుక అంచున ఉన్న ఒకే ఒక్క బోల్టు విప్పి, చక్రాన్ని దాచిన ఆ రేకు మొత్తాన్నీ ఊడదీసి నా చేతుల్లో పెట్టారు.