చైనాలో మార్కెట్ వచ్చింది, మరి పార్టీ పట్టు ఎందుకు సడల్లేదు?

ప్రశ్న: గ్రూప్స్ అభ్యర్థి, తిరుపతి

బాలాజీ కాలనీలో రూము తీసుకుని గ్రూప్-1కి చదువుతున్నాను. సంస్కరణలు మొదలైన 1978 డిసెంబరు ప్లీనం (పార్టీ కేంద్ర కమిటీ సమావేశం), 1980లో నాలుగు ప్రత్యేక ఆర్థిక మండలాలు, 2001లో డబ్ల్యూటీఓ (ప్రపంచ వాణిజ్య సంస్థ)లో చేరిక. ఈ వరసంతా నోటికొచ్చు. అసలు సంగతే అంతుపట్టడం లేదు. ప్రైవేటు వ్యాపారం పెరిగితే కమ్యూనిస్టు పార్టీ పట్టు సడలాలి కదా? అక్కడ అట్లా జరగలేదే! పరీక్ష కోసమే అడగడం లేదు, నిజంగా తెలుసుకోవాలని ఉంది.

జవాబు: పర్చేజ్ ఉద్యోగి, రేణిగుంట

తమ్ముడూ, నేను ఎలక్ట్రానిక్స్ కంపెనీలో పర్చేజ్ చూస్తాను. విడిభాగాల పని మీద, నువ్వు చెప్పిన నాలుగు మండలాల్లో ఒకటైన షెన్‌జెన్ పోయినప్పుడు ఒక సప్లయర్ ఫ్యాక్టరీ చూశాను. పూర్తిగా ప్రైవేటుది. హెచ్ఆర్ గది పక్కనే ఇంకో గది. తలుపు మీద సుత్తీ కొడవలి గుర్తు, లోపల పొడవాటి బల్ల, గోడకు సభ్యుల ఫొటోలు. అది పార్టీ శాఖ ఆఫీసని మా దుబాసి చెప్పాడు. ముగ్గురు పార్టీ సభ్యులున్న ఏ సంస్థలోనైనా శాఖ పెట్టాలని వాళ్ల పార్టీ నిబంధనావళిలోనే ఉందంట.

జవాబు: రిటైర్డ్ లెక్చరర్, చిత్తూరు

నాయనా, డిగ్రీ పిల్లలకు ఎకనామిక్స్ చెప్పి రిటైరైన వాణ్ని. ఒక్క మాట గట్టిగా పట్టుకో: వాళ్లు ధరలు వదిలారు, పోస్టింగులు వదల్లేదు.

ముందు ధరలు. మీ ఇంట్లో పెద్దవాళ్లను లెవీ చక్కెర గురించి అడుగు. అప్పట్లో మిల్లు తీసిన చక్కెరలో కొంత సర్కారు చెప్పిన రేటుకు ఇచ్చెయ్యాల్సి వచ్చేది, అది రేషన్ షాపుకు పోయేది. మిగతాది బజారులో అమ్ముకునేవాళ్లు. కార్డు మీద ఒక రేటు, అంగడిలో అదే చక్కెర ఇంకో రేటు. పెళ్లిళ్ల కాలంలో కార్డు చక్కెర దొడ్డిదారిన అంగళ్లకు చేరేది మా వీధిలో ఎవరికి తెలియదు?

1980లలో చైనా ఇట్లాంటి పద్ధతినే ఉక్కు, బొగ్గు దాకా పెట్టింది. ప్లాను కోటా పాత ధరకు, కోటాకు మించి తీసింది మార్కెట్ ధరకు. పాత ఫ్యాక్టరీలను ఒక్క దెబ్బకు రోడ్డున పడెయ్యకుండా పక్కనే మార్కెట్‌ను పెరగనిచ్చారు. మంచి ఎత్తుగడే. కాని కోటా సరుకు చేతికందినవాడు దాన్ని బయట అమ్మి కూర్చున్నచోటే డబ్బు చేసుకున్నాడు. ఆ చెయ్యి ఎక్కువగా అధికారిదో, అతని బంధువుదో. 1988లో ధరలన్నీ వదిలేస్తారని తెలిసి జనం బ్యాంకుల్లో డబ్బు తీసి, దొరికిన సరుకల్లా కొని దాచుకున్నారు. ఆ ఏడు ధరలు 18 శాతానికి పైగా పెరిగాయి. మరుసటేడు నిరసనకు బీజింగ్‌లోని తియానన్మెన్ కూడలికి వచ్చిన విద్యార్థుల్లో ఈ అవినీతి మీద కోపం కూడా ఉంది.

జూన్ 4న సైన్యం కాల్పులు జరిపింది. సంస్కరణలను ముందుండి నడిపిన ప్రధాన కార్యదర్శి ఝావో జియాంగ్‌ను తీసేశారు. 2005లో చనిపోయేదాకా ఆయనది గృహ నిర్బంధమే. ఎంత అభివృద్ధి చూపించినా ఆ కాల్పులు నాకు ఇప్పటికీ మింగుడుపడవు.

ఇక పోస్టింగులు. పార్టీకి ఆర్గనైజేషన్ డిపార్ట్‌మెంట్ అని ఒకటుంది. ప్రావిన్సుల పెద్దలు, ప్రభుత్వ బ్యాంకుల అధిపతులు ఎవరు కావాలో చూసేది అదే. గవర్నరు కంటే పార్టీ కార్యదర్శి పైమెట్టు. పైకి పోవాలనుకున్న అధికారి తన కింద పెట్టుబడి, ఉత్పత్తి పెంచి చూపించాలి. అందుకే కౌంటీల్లో అధికారులే ఫ్యాక్టరీల కోసం పరుగులు పెట్టారు.

1992 సంగతి కూడా చూడు. సంస్కరణలకు పెద్ద దిక్కైన డెంగ్ షియావోపింగ్‌కు అప్పటికి 87 ఏళ్లు, చేతిలో ఏ పదవీ లేదు. షెన్‌జెన్, ఝూహై తిరిగి, సంస్కరణలు చెయ్యనివాడు దిగిపోవాల్సిందేనని చెప్పాడు. ఆ అక్టోబరులోనే పార్టీ 14వ మహాసభ సోషలిస్టు మార్కెట్ వ్యవస్థను లక్ష్యంగా ప్రకటించింది. పదవి లేని పెద్దాయన మాటకు దేశం దారి మళ్లిందంటే, పార్లమెంటు లాంటి వాటికి అక్కడ ఎంత విలువో తెలుస్తుంది.

జవాబు: తోతాపురి రైతు, బంగారుపాళ్యం

సార్, ఇదంతా పైవాళ్ల కథ. షియావోగాంగ్‌ను వదిలేశారే! 1978 చివర్లో అన్హుయి ప్రావిన్సులోని ఆ ఊళ్లో 18 కుటుంబాలవాళ్లు రహస్యంగా కమ్యూన్ (ఉమ్మడి సాగు) పొలం పంచుకున్నారు. ఎవరినైనా జైల్లో వేస్తే వాళ్ల పిల్లలను 18 ఏళ్లు వచ్చేదాకా మిగిలినవాళ్లు సాకాలని కాగితం రాసి ఎర్ర వేలిముద్రలు వేశారు. మొదలుపెట్టింది రైతు సార్.

రిటైర్డ్ లెక్చరర్, చిత్తూరు

నిజమే రెడ్డీ, ఆ కాగితం గురించి చెప్పకుండా ఈ కథ చెప్పకూడదు. అయితే ఆ రైతులు జైలుకు పోకుండా నిలబడింది అన్హుయి పార్టీ కార్యదర్శి వాన్ లీ వెనకేసుకు రావడం వల్ల. ఇంకోటి. నువ్వు నీ తోట అమ్ముకోవచ్చు, తాకట్టు పెట్టుకోవచ్చు. అక్కడి రైతుకు దక్కింది సాగు హక్కే. 1984లో 15 ఏళ్లకు, 1993లో 30 ఏళ్లకు పెంచారు. సొంతదారు మాత్రం ఊరి సమష్టి. పట్నం పెరిగితే ఆ భూమిని సర్కారు తీసుకుని, వాడుక హక్కును బిల్డర్లకు అమ్ముతుంది. 1994 పన్నుల సంస్కరణతో రాబడిలో కేంద్రం వాటా 22 శాతం నుంచి 55కు ఎగబాకింది. చేతిలో డబ్బాడని స్థానిక ప్రభుత్వాలు ఈ భూమి అమ్మకాల మీదే పడ్డాయి. నష్టపోయింది మళ్లీ రైతే.

గ్రూప్స్ అభ్యర్థి, తిరుపతి

ఇప్పుడు దారి దొరికింది సార్. మరి పెద్ద ప్రైవేటు కంపెనీలు ఎదురు తిరగవా?

రిటైర్డ్ లెక్చరర్, చిత్తూరు

2002లో పారిశ్రామికవేత్తలకు పార్టీ తలుపులు అధికారికంగా తెరిచారు, బయట నిలబెట్టి శత్రువులను చేసుకోలేదు. హద్దు దాటారనిపిస్తే ఎంత పెద్ద కంపెనీ అయినా ఒకటే. 2020 నవంబరులో ఆన్‌లైన్ చెల్లింపుల కంపెనీ ఆంట్ గ్రూపు షేర్లు లిస్టింగుకు రెండు రోజుల ముందు ఆగిపోయాయి. 2021 జూలైలో స్కూలు సబ్జెక్టుల ట్యూషన్ కంపెనీలు లాభం కోసం నడపకూడదన్నారు. కోర్టులో ఏళ్ల తరబడి వాదనల్లేవు. 1979 మార్చిలో డెంగ్ చెప్పిన నాలుగు మూల సూత్రాలు తీసి చదువు. మూడోది పార్టీ నాయకత్వం. ఆన్సర్ దాన్నుంచి మొదలుపెట్టి రాయి, తర్వాత 1978కి రా.