ఇంటి దగ్గర నేర్చుకున్న పిల్లలను సంగీత కళాశాల దాకా చేర్చవలసింది ఎవరు?

గాత్రోపాధ్యాయిని, భవానీనగర్, తిరుపతి

మన ఊరిలో 1959 నుండి శ్రీ వేంకటేశ్వర సంగీత నృత్య కళాశాల ఉన్నది. శ్రీ పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయంలో సంగీత శాఖ ఉన్నది. అయినా ఏళ్ల తరబడి గురువుల ఇళ్లలో గాత్రమో వీణో నేర్చుకుని, అభ్యాస రచనలైన వర్ణాలు దాటి కృతులలోకి వచ్చిన పిల్లలలో చాలామంది పదో తరగతి కాగానే సంగీతం ఆపేస్తున్నారు. ఇంటర్మీడియట్‌లో తెల్లవారింది మొదలు రాత్రి దాకా తరగతులు, స్టడీ అవర్లే సరిపోతాయి. సాధనకు సమయం మిగలదు. పిల్లలే వెతుక్కుంటూ రావాలని కూర్చోకుండా, వారు తొమ్మిదో తరగతిలో ఉండగానే కళాశాలలు పిలిచి, పాట విని, ఎవరికి ఏ కోర్సు తగినదో తల్లిదండ్రుల ఎదుట చెప్పాలని నా అభిప్రాయం. దీనిపై పెద్దలు, విద్యార్థులు తమ ఆలోచనలు రాయగోరుతున్నాను.

వయొలిన్ ఉపాధ్యాయుడు, కె.టి.రోడ్

అమ్మా, మీ ఆవేదన సరైనదే కానీ మీరు చెప్పిన మార్గం నాకు సమ్మతం కాదు. గురువు ఎదుట ఒక్కడే కూర్చున్న పిల్లవాడు తన గొంతుకు తగిన ఆధార స్వరంలో, అంటే తన శ్రుతిలో పాడతాడు. తరగతిలో అబ్బాయిలూ అమ్మాయిలూ కలిసి కూర్చున్నప్పుడు ఒకరిది ఒకటిన్నర శ్రుతి, మరొకరిది దానికంటే ఎంతో పైనున్న అయిదున్నర. అందరికీ ఒకే శ్రుతి పెడితే ఎవరో ఒకరి గొంతు నలిగిపోక తప్పదు. రాగాలాపన, నెరవల్, కల్పనస్వరాలు అప్పటికప్పుడు మనసులో పుట్టేవి, సెమిస్టరు లెక్కకు లొంగేవి కావు.

ఇంకొక మాట. తొమ్మిదో తరగతి అంటున్నారు. సరిగ్గా ఆ వయసులోనే అబ్బాయిల గొంతు మారుతుంది. నిన్నటి దాకా పై స్వరాలలో, తారస్థాయిలో హాయిగా నిలిచిన కంఠం ఒక్కసారిగా జీరబోతుంది. ఎప్పుడూ వినని వారు ఆ రోజు విని, ‘ఇతనికి గాత్రం పనికిరాదు’ అంటే ఆ పిల్లవాడు మళ్లీ నోరు విప్పుతాడా?

ఒక తండ్రి, చిత్తూరు

మా అమ్మాయి వీణ నేర్చుకుంటోంది. విశారద, ప్రవీణ అని వింటున్నాము, బీఏ, ఎంఏ అని వింటున్నాము. వీటిలో ఏది దేనికి పనికివస్తుందో మాకు అర్థమయ్యేటట్లు చెప్పేవారు లేరు. ఇంజినీరింగ్ విషయంలో మాత్రం మేము అడగకపోయినా ఇంటికి వచ్చి మరీ చెబుతున్నారు.

సంగీతం ఎంఏ విద్యార్థిని

చిత్తూరు పెద్దలకు నమస్కారం. విశారద, ప్రవీణ డిప్లొమాలు. అవి డిగ్రీలు కావు. అమ్మాయికి మున్ముందు అధ్యాపక వృత్తిపై ఆసక్తి ఉంటే ఈ తేడా ఇప్పుడే తెలియాలి. విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2018 నిబంధనల ప్రకారం సంగీతంలో అసిస్టెంట్ ప్రొఫెసర్ కావడానికి పీజీతో పాటు నెట్ అర్హత పరీక్ష గానీ పీహెచ్‌డీ గానీ ఉండడం ఒక దారి. పేరున్న గురువుల వద్ద నేర్చుకుని ఆకాశవాణిలోనో దూరదర్శన్‌లోనో ‘ఏ’ గ్రేడు సాధించిన కళాకారులకు మరొక దారి ఉన్నది. ఆ దారిలో వచ్చేవారికి కూడా డిగ్రీ ఉండాలి.

వయొలిన్ మాస్టారు గారూ, ఇంటి శిక్షణ గొప్పదే. నాకు ఉన్న జ్ఞానమంతా మొదట మా గురువుగారు పెట్టినదే. అయితే కళాశాలలో చేరేవారు తడబడేది పాటలో కాదు, కాగితం మీద. సరళీ వరుసలు మొదలుపెట్టిన నాటి నుండి మాయామాళవగౌళ రాగం పాడుతున్న అమ్మాయి, అది 15వ మేళకర్త (జనక రాగం) అనీ, మేళకర్తలను ఆరేసిగా కూర్చిన చక్రాలలో మూడవదైన అగ్ని చక్రంలోనిదనీ రాయలేక ఆగిపోవడం నేను చూశాను. కొద్ది నెలల ముందు ఎవరైనా చెప్పి ఉంటే ఆమె సులభంగా నేర్చుకునేది.

ఉపకార వేతనాల సంగతి కూడా చెప్పాలి. కేంద్ర సాంస్కృతిక వనరుల శిక్షణ సంస్థ (సీసీఆర్‌టీ) ప్రతిభాన్వేషణ పథకానికి దరఖాస్తు చేసే వయసు 10 నుండి 14 ఏళ్లు. కేంద్ర సాంస్కృతిక శాఖ యువ కళాకారులకు నెలకు 5,000 రూపాయల చొప్పున రెండేళ్లు ఇచ్చేది 18 నుండి 25 ఏళ్ల వారికి. చిన్నతనంలో మొదటిది అందుకోలేకపోయిన పిల్లలకు 14 దాటాక 18 వచ్చేదాకా ఈ రెండూ అందవు. సంగీతం మానేస్తున్నది కూడా ఆ వయసులోనే.

డోలు కళాకారుడు, శ్రీకాళహస్తి రోడ్

మా వంటి కుటుంబాలలో పిల్లలు నడక వచ్చినప్పటి నుండి లయలోనే పెరుగుతారు. పెళ్లిళ్లలోనూ ఉత్సవాలలోనూ గంటల తరబడి వాయించగలరు. దరఖాస్తు నింపడం మాత్రం రాదు. కళాశాలలు పిలిస్తే ముందు మా వీధికి రావాలని కోరుతున్నాను.

గాత్రోపాధ్యాయిని, భవానీనగర్

మాస్టారు గారూ, గొంతు మారే వయసు గురించి మీరు చెప్పినది అక్షరాలా నిజం, అందుకే గురువు లేకుండా ఆ పిల్లవాడిని వినకూడదని అంటాను. ఆ రోజు కంఠమాధుర్యానికి గానీ పై షడ్జానికి (పై ‘స’కు) గానీ మార్కులు వేయకూడదు. ఆది తాళ వర్ణాన్ని రెండు కాలాలలో తాళం తప్పకుండా పాడగలడా, వినిపించిన స్వరాల వరుసను తిరిగి అనగలడా, తెలిసిన కృతిలో స్వరస్థానం జారినప్పుడు తానే గుర్తుపట్టగలడా అన్నవి చూస్తే చాలు. ఇవన్నీ కింది, నడిమి స్వరాలైన మంద్ర, మధ్య స్థాయులలోనే తెలిసిపోతాయి. గొంతు కుదుటపడిన తరువాత మరొకసారి వినాలి. మొదటిసారి విన్నది ప్రవేశానికి కాదు, సలహా కోసమే అని ముందుగానే కుటుంబానికి చెప్పాలి.

డోలు కళాకారుల మాటకు ఎదురులేదు. వారి పిల్లలకు దరఖాస్తు నింపిపెట్టడానికి మా శిష్యులు వస్తారు.

వయొలిన్ ఉపాధ్యాయుడు, కె.టి.రోడ్

సలహా కోసమే అయితే నా శిష్యులను నేనే వెంటబెట్టుకుని వస్తాను. తరగతిలో శ్రుతి సంగతి మాత్రం అలాగే ఉన్నది. స్త్రీ పురుష కంఠాలకు వేర్వేరు తరగతులు పెడతామని కళాశాల వారు చెప్పేంతవరకు గాత్ర విద్యార్థులను చేర్చమని నేను ఎవరికీ సలహా ఇవ్వలేను. వాద్య విద్యార్థుల విషయంలో నాకు అభ్యంతరం లేదు.