అప్‌డేట్: డేటా నుంచి విజ్డమ్ దాకా తేడా ఇప్పుడు అర్థమైంది

మొన్న, పేషెంట్ల సమాచారాన్ని కంప్యూటర్లతో నిర్వహించడం గురించి చెప్పే నర్సింగ్ ఇన్ఫర్మాటిక్స్‌లో డేటా, ఇన్ఫర్మేషన్, నాలెడ్జ్, విజ్డమ్‌కి తేడా ఏంటి, ఈఎంఆర్ (ఎలక్ట్రానిక్ మెడికల్ రికార్డ్), ఈహెచ్‌ఆర్ (ఎలక్ట్రానిక్ హెల్త్ రికార్డ్) ఒకటేనా అని అడిగాను. జవాబులిచ్చిన అందరికీ చాలా థాంక్స్.

నిర్వచనాలు పక్కన పెట్టి ఒక పేషెంట్ చార్ట్ ఊహించుకోమన్న సలహా బాగా పనికొచ్చింది. పల్స్ 84 అని రాసుంటే అది ఉత్త డేటా. నాలుగు గంటల్లో పై బీపీ 124 నుంచి 94కి దిగిందని, శ్వాస నిమిషానికి 18 నుంచి 26కి పెరిగిందని వరసగా కనిపిస్తే అది ఇన్ఫర్మేషన్. జ్వరం కూడా ఉంది కాబట్టి సెప్సిస్ (ఇన్ఫెక్షన్ వల్ల ఒంట్లో అవయవాలు దెబ్బతినే ప్రమాదకర స్థితి) కావచ్చని అనుమానించడం నాలెడ్జ్. మరి పల్స్ ఎందుకు పెరగలేదు? ఆ పేషెంట్ పెద్దాయన, మెటోప్రోలాల్ అనే బీపీ మందు వేసుకుంటున్నారు, ఆ మందు పల్స్‌ని అంతగా పెరగనివ్వదు. ఆ 84 చూసి ఊరుకోకుండా వెంటనే డాక్టర్‌ని పిలవడమే విజ్డమ్. మొదటి మూడూ 1989లో నర్సింగ్ పరిశోధకులు గ్రేవ్స్, కోర్కోరన్ రాసిన వ్యాసంలోవి. నాలుగోది చేరాకే ఇది నర్సులు నిజంగా చేసే పనిలా ఉందని నాకనిపిస్తోంది.

ఈఎంఆర్ ఒక ఆస్పత్రి లోపలి రికార్డు. ఈహెచ్‌ఆర్ ఆస్పత్రి మారినా పేషెంట్ వెంట వెళ్లాల్సింది. మన దేశంలో డిజిటల్ హెల్త్ ఐడీగా ఇచ్చే 14 అంకెల ఆభా నంబర్ ఉద్దేశం కూడా అదే, వేర్వేరు చోట్ల ఉన్న రికార్డుల్ని పేషెంట్ అనుమతితో కలపడం.

ఈ రికార్డుల్ని అన్ని చోట్లా ఒకేలా రాయడానికి ల్యాబ్ పరీక్షలకి లాయింక్ అనే కోడ్లు, జబ్బులకీ లక్షణాలకీ స్నోమెడ్ సీటీ అనే కోడ్లు వాడతారన్నంతవరకు తెలిసింది. వార్డులో వీటితో పనిచేసిన సిస్టర్స్ ఎవరైనా ఉంటే, నర్సింగ్ నోట్స్‌లో ఎలా వాడతారో దయచేసి చెప్పండి.