అటక మీద పిల్లి పిల్లలు పెట్టింది: గదిలోకి మార్చాలా, దాని మానాన వదిలేయాలా?

పర్లాకిమిడి కోడలు:
రెండేళ్ళుగా మా పెరట్లోకి అన్నానికి వచ్చే బూడిదరంగు పిల్లి మొన్న మంగళవారం రాత్రి వంటింటి అటక మీద నాలుగు పిల్లల్ని పెట్టింది. అది పెంచుకున్న పిల్లి కాదు గానీ, మా చేతి తిండి తిని పెరిగింది. అటక కింద గ్యాస్ పొయ్యి ఉంది. పైన రేకుల కప్పు, ఏప్రిల్ ఎండకి మధ్యాహ్నం చెయ్యి పెట్టలేం. పిల్లలు పాకడం మొదలుపెడితే కింద పడతాయని నాకు ఒకటే టెన్షన్. పక్క గదిలో అట్టపెట్టెలో పెట్టి తలుపు వేసేద్దామని మా ఆయన అంటున్నారు. మా అత్తయ్య అసలు ఒప్పుకోవడం లేదు. "మనిషి చెయ్యి తగిలితే తల్లి వదిలేస్తుంది, తినేసినా తినేస్తుంది. ఎలాగూ ఏడిళ్ళు తిప్పుతుంది, దాని పని దాన్ని చేసుకోనియ్యండి" అంటారు. ఎదురింటి ఒడియా మామ్మయితే బిడ్డల్ని కాచే షష్ఠీదేవికి పిల్లే వాహనం, అది మీ ఇంట్లో పురుడు పోసుకుంది, కదపొద్దమ్మా అని రోజూ వచ్చి చెబుతోంది. మా పాపకి ఆరేళ్ళు, నిచ్చెన వేయమని గోల. మీలో ఎవరైనా ఇలాంటప్పుడు మార్చారా? ఏమైంది?

గుణుపురం మాస్టారు:
అమ్మా, మీ అత్తగారి మాట వినండి. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను వచ్చిన రాత్రి మా కట్టెల కొట్టులో పిల్లి, దాని మూడు పిల్లలు ఉన్నాయి. నీళ్ళు వీధిలోకి రాకముందే అది ఒక్కో పిల్లనీ నోట కరుచుకుని వచ్చి మా దేవుడి గదిలో పెట్టింది. గాలికి తలుపులు కొట్టుకుంటున్నా మూడుసార్లు బయటికి వెళ్ళి వచ్చింది. మేమెవరం చెప్పలేదు, ముట్టుకోలేదు. ఎక్కడ క్షేమమో తల్లికి తెలుసు. ఇంకో ఏడు మా మనవడు సరదాపడి రెండు రోజుల పిల్లల్ని బుట్టలో పెట్టి వరండాలో దాచాడు. తెల్లారేసరికి తల్లి మూడింటిని ఎటో తీసుకుపోయింది, నాలుగోది చలికి చచ్చిపోయింది. ఆ పిల్లవాడు రెండు రోజులు అన్నం తినలేదు. అందుకే చెబుతున్నాను, వదిలేయండి.

రాయగడ కాలనీ:
మాస్టారూ, మీ మీద గౌరవంతోనే చెబుతున్నాను, తల్లికి అన్నీ తెలుసు అనుకోవడం వల్లే నేను మూడు పిల్లల్ని పోగొట్టుకున్నాను. మా క్వార్టర్ మెట్ల కింద పెట్టింది. అందరూ ముట్టుకోవద్దంటే ముట్టుకోలేదు. తొమ్మిదో రోజు తల్లి తిండికి వెళ్ళినప్పుడు గండుపిల్లి వచ్చింది. ఆ శబ్దం విని నేను పరుగెత్తేలోపే అయిపోయింది. తర్వాత తల్లి రెండు రోజులు ఆ మెట్ల దగ్గరే అరుస్తూ తిరిగింది. ఒక తలుపున్న గది ఉండి కూడా ఇవ్వలేదే అని నాకు ఇప్పటికీ బాధ. కోడలు గారూ, ఇవాళే మార్చండి. తలుపు వేసేయండి.

గుణుపురం మాస్టారు:
మీ బాధ అర్థమైంది తల్లీ. కానీ తలుపు వేస్తే అది కిటికీకి తల కొట్టుకుంటుంది. బయట తిరిగిన పిల్లిని గదిలో పెట్టడం అంటే జైల్లో పెట్టడమే. బెదిరిన పిల్లి పాలివ్వదు.

కాశీనగర్ కుర్రాడు:
నేను భువనేశ్వర్‌లో పశువైద్యం చదువుతున్నాను, సెలవులకి ఇంటికొచ్చాను. మాస్టారు చెప్పిన రెండు సంగతులూ నిజమే, అక్క చెప్పిందీ నిజమే. మా తాతగారి ఇంట్లో రెండూ చూశాను.

ముందు అత్తయ్యగారి భయం గురించి. మనిషి వాసన తగిలినంత మాత్రాన, మీకు మచ్చికైన పిల్లి పిల్లల్ని వదిలేయదు. మాటిమాటికీ చూడటం, ఎత్తడం, కొత్తవాళ్ళు గుమిగూడటం, పక్క తడిగా, మురికిగా ఉండటం, వీటికి మాత్రం బెదిరిపోయి చోటు మారుస్తుంది. ఏడిళ్ళు తిప్పడం వెనక ఉన్న కారణం ఇదే. తినేయడం అరుదు. ఎక్కువగా చచ్చి పుట్టినదాన్నో, బతకదని తెలిసినదాన్నో తింటుంది, లేదా విపరీతంగా భయపడితే.

ఇక రేకుల కింద అటక. మొదటి మూడు నాలుగు వారాలు పిల్లలు తమ ఒంటి వేడిని తాము కాపాడుకోలేవు. మొదటి వారం పక్కలో 30 డిగ్రీల వరకూ వెచ్చదనం కావాలి, కాబట్టి చలికాలంలో ఇదే అటక అయితే నేను ఇంత కంగారుపడను. మీ దగ్గర ఇప్పుడు సమస్య వేడి. పిల్లలు ఒకదాని మీద ఒకటి పడుకుంటే చలిగా ఉందని, దూరదూరంగా చాపుకుని, నోరు తెరిచి ఉంటే ఉడికిపోతున్నాయని. మధ్యాహ్నం రెండింటికి ఒకసారి నిచ్చెన ఎక్కి దూరం నుంచే చూడండి. ఆ ఒక్క చూపుతో మీకే తెలుస్తుంది.

మార్చాలనుకుంటే తల్లిని పక్కన పెట్టి ఎత్తుకుపోవద్దు. గదిలో చీకటి మూల చూసి, పక్కకి ఒరగబెట్టిన అట్టపెట్టె పెట్టండి, తల్లి సులువుగా దూకేంత గడప ఉంచండి. పీలికలు రాని పాత నూలు చీర పరవండి, దారాలు కాళ్ళకి చుట్టుకుంటాయి. అటక మీద అది పడుకున్న గుడ్డనే తెచ్చి అందులో వేయండి. మూడు నాలుగు గజాల దూరంలో దొడ్డికి ఇసుక తొట్టి, ఇంకో మూల తిండి. తల్లికి ఇష్టమైనది ఆ గదిలో తినిపించి, అది చూస్తుండగానే మీరొక్కరే పిల్లల్ని తెచ్చి పెట్టండి. తర్వాత తలుపు దగ్గరకి వేయండి, గడియ వద్దు. మాస్టారు చెప్పిన జైలు కాకూడదు, అక్క చెప్పిన గండుపిల్లి రాకూడదు. ఇంట్లో మనుషులున్నప్పుడు ఓరగా తెరిచి ఉంచి, రాత్రి మాత్రం వేసేయండి. మళ్ళీ అటకకి తీసుకుపోతే పోట్లాడవద్దు. పాత చోటికి దారి లేకుండా బిందెలు అడ్డుపెట్టి, రెండోసారి ప్రయత్నించండి.

ఒక్కటి మాత్రం బతిమాలి చెబుతున్నాను. ఆ గదిని ఫినాయిల్‌తో కడగకండి, బట్టల మధ్య కలరా ఉండలు తీసేయండి. రెండూ పిల్లులకి విషం, వాటి కాలేయం ఆ మందుల్ని విరగ్గొట్టలేదు. జ్వరమొచ్చిందని పారాసిటమాల్ వేసిన వాళ్ళూ ఉన్నారు, ఒక్క మాత్రతో ప్రాణం పోతుంది. సబ్బునీళ్ళు చాలు.

జయపురం:
ఇంత అవసరమా అని అడుగుతున్నాను, కోపం తెచ్చుకోకండి. ఇంట్లో చిన్నపిల్ల ఉంది. పిల్లి గోళ్ళు, వెంట్రుకలు, పురుగులు. ఒక సంచిలో తల్లినీ పిల్లల్నీ పెట్టి ఊరి బయట గుడి దగ్గర వదిలేస్తే ప్రసాదాలు తిని బతుకుతాయి. మా అమ్మ వాళ్ళు అలాగే చేసేవాళ్ళు.

రాయగడ కాలనీ:
నాలుగు రోజుల పిల్లల్ని గుడి దగ్గరా? కళ్ళు తెరవవు, చెవులు వినపడవు, తల్లి నాకకపోతే ఉచ్చ కూడా పోయలేవు. మొదటి రాత్రే కుక్కలు వస్తాయి. ఆకలికి మాడేలా జంతువుని వదిలేయడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం ప్రకారం నేరం. చట్టం మాట పక్కన పెట్టినా, మీ చేత్తో అన్నం పెట్టిన పిల్లి అది.

కాశీనగర్ కుర్రాడు:
జయపురం గారి భయంలో న్యాయం ఉంది, పరిష్కారం మాత్రం తప్పు. పాప ఇప్పుడే ముట్టుకోకూడదు. రెండో వారానికి పిల్లల కళ్ళు తెరుచుకుంటాయి, అప్పటి నుంచి పెద్దవాళ్ళ పక్కన కూర్చుని రోజూ కాసేపు ఒళ్ళో పెట్టుకోవచ్చు. రెండో వారం నుంచి ఏడో వారం లోపు మనిషి చెయ్యి ఎరిగిన పిల్ల జీవితాంతం మచ్చికగా ఉంటుంది. తల్లి గీరినా, కరిచినా పావుగంట సబ్బుతో, ధారగా పడే నీళ్ళ కింద కడిగి ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళండి, రేబిస్ టీకా విషయంలో ఆలస్యం వద్దు. ఇంట్లో ఎవరైనా కడుపుతో ఉంటే ఇసుక తొట్టి వాళ్ళు ఎత్తకూడదు.

పర్లాకిమిడి కోడలు:
నిన్న మధ్యాహ్నం ఎక్కి చూశాను. నాలుగూ నాలుగు దిక్కుల పడుకుని నోళ్ళు తెరిచి ఉన్నాయి. అత్తయ్యని కూడా నిచ్చెన మీదకి ఎక్కించాను. ఆవిడ చూసి "అయ్యో, ఉడికిపోతున్నాయి" అని తనే పాత చీర తెచ్చి ఇచ్చారు. ఉడకబెట్టిన నెత్తళ్ళు, ఉప్పు లేకుండా, పక్క గదిలో పెట్టాం. పిల్లి తింటూండగా మూడింటిని తెచ్చాను. నాలుగోది, అన్నిటికన్నా చిన్నది, బిందె వెనక ఇరుక్కుంది. దాన్ని తేవడానికి వెళ్ళేలోపు తల్లి ఒక పిల్లని కరుచుకుని మళ్ళీ అటకెక్కింది! నాకు ఏడుపొచ్చింది. రాత్రి పదిన్నరకి మళ్ళీ దించాను, బిందెలు అడ్డుపెట్టాం. పొద్దున్న చూస్తే నాలుగూ పెట్టెలోనే పాలు తాగుతున్నాయి. వంటింటి డిజిటల్ కాటా మీద తూచాను, మూడు 120 గ్రాములు దాటాయి, చిన్నది 92. దానికి ఆవు పాలు పట్టనా?

కాశీనగర్ కుర్రాడు:
వద్దు వదినా, విరేచనాలవుతాయి. ఆవు పాలలో పిల్లి పాలంత మాంసకృత్తులూ కొవ్వూ ఉండవు. మిగతావి నిండాక చిన్నదాన్ని ఒక్కదాన్నే తల్లి పొట్ట దగ్గర పెట్టండి, వెనక చన్నుల దగ్గర. రోజూ ఒకే వేళకి తూచండి, పది గ్రాముల చొప్పున పెరగాలి. ఒక రోజు పెరగకపోతే గమనించండి, తగ్గితే పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళండి. తల్లికి అన్నం పాలు మాత్రమే చాలవు, మామూలుకన్నా రెండు మూడు రెట్లు తినాలి, అందులో చేపో కోడిగుడ్డో చికెనో ఉండాలి. అది వణికినా, కాళ్ళు బిగుసుకున్నా కాల్షియం పడిపోయినట్టు, గంట కూడా ఆగకండి.

గుణుపురం మాస్టారు:
వేడికి పిల్లలు విడివిడిగా పడుకుంటాయన్న సంగతి నాకు ఇన్నేళ్ళూ తెలియదు. మార్చడం మంచిదే అయింది. కానీ రేపు ఈ పిల్లికి మళ్ళీ కడుపొస్తే మళ్ళీ నాలుగు, అందులో రెండు ఆడవి. దాని మాటేమిటి?

రాయగడ కాలనీ:
ఆపరేషన్ చేయించాల్సిందే మాస్టారూ, అందులో వాదన లేదు. పాలిస్తుండగా కూడా కడుపొస్తుంది, కాబట్టి అప్పటిదాకా గండుపిల్లులు తిరిగే చోటికి వదలకూడదు.

పర్లాకిమిడి కోడలు:
ఎనిమిది వారాలు నిండి పిల్లలు పాలు మరిచాక బరంపురం తీసుకెళ్తానని మా ఆయన ఒప్పుకున్నారు. బస్సులో ఎలా తీసుకెళ్ళాలన్నదే నా దిగులు. చిన్నది ఇవాళ 101 గ్రాములు.

గుణుపురం మాస్టారు:
మూత ఉన్న వెదురు బుట్ట నా దగ్గర ఉంది, పర్లాకిమిడి వచ్చినప్పుడు ఇస్తాను. ఆ చిన్నది మగదైనా ఆడదైనా నాకే ఉంచండి.