ఏమీ వినిపించకపోతే అది కళాకృతి ఎలా అవుతుంది?

తెల్లకాగితం:
1952లో అమెరికన్ సంగీతకర్త జాన్ కేజ్ ‘4 నిమిషాల 33 సెకన్లు’ అనే కృతి రాశాడు. పియానిస్టు డేవిడ్ ట్యూడర్ వేదికెక్కి, పియానో మూత వేస్తూ తీస్తూ, ఒక్క స్వరమూ వాయించకుండా లేచి వెళ్లిపోయాడు. మొదటిసారి కాబట్టి అది పెద్ద సంగతే, ఒప్పుకుంటాను. ఆ తర్వాత మాత్రం ఖాళీ గది చూపించి పక్కన ‘మౌనం’ అని చీటీ అంటిస్తే ఆర్ట్ అయిపోతోంది. కష్టపడి వినాల్సింది మనం, పేరు వాళ్లకి. నాకిది అన్యాయంగా అనిపిస్తోంది. మీరేమంటారు?

చెవియొగ్గి:
ఖాళీ గదుల విషయంలో మీ మాటే నా మాట. కేజ్‌ని మాత్రం ఆ గాటన కట్టకండి. హార్వర్డ్‌లో ఏ చప్పుడూ చొరబడని గదిలోకి వెళ్తే ఆయనకు రెండు శబ్దాలు వినిపించాయట, ఒకటి సన్నగా, ఒకటి మందంగా. రెండూ మీ ఒంట్లోవేనని అక్కడి ఇంజినీరు చెప్పాడని ఆయనే రాసుకున్నాడు. తొలి ప్రదర్శనలోనూ జనం చెవిన పడ్డవి బయటి గాలి, కప్పు మీద చినుకులు, చివరికి తమ గుసగుసలే.

నాకు ఇంతకన్నా బలంగా తగిలింది శబ్దంతో పనిచేసే కళాకారుడు లారెన్స్ అబు హమ్దాన్ పని. సిరియాలోని సైద్‌నాయా జైల్లో ఖైదీలకు కళ్లకు గంతలు కట్టేవారు, నోరెత్తితే చావబాదేవారు. ఆ జైలు వాళ్లకు తెలిసిందల్లా చెవులతోనే. బయటపడినవాళ్లను కూర్చోబెట్టి, లోపల ఎంత మెల్లగా గుసగుసలాడేవారో ఆయన గుర్తు చేయించాడు. 2011లో అక్కడి ప్రభుత్వం మీద తిరుగుబాటు మొదలయ్యాక ఆ గుసగుస 19 డెసిబెల్స్ (శబ్ద తీవ్రతకు కొలత) మేర పడిపోయిందని తేలింది. భయం ఎంత పెరిగిందో ఆ తగ్గిన గొంతే చెబుతోంది. దీన్ని ‘ఏమీ లేదు’ అని ఎలా అంటాం?

తెల్లకాగితం:
దాంతో నాకు పేచీ లేదు, చదువుతుంటేనే ఒళ్లు జలదరించింది. కానీ ఆ 19 సంగతి ఎవరో ఒకరు చెప్పకపోతే మనకు తెలియదు కదా. మనల్ని కదిలించింది ఆ వివరణే. చీటీ పీకేసినా నిలబడే నిశ్శబ్దం ఒక్కటి చూపించండి.

మూడోకాలం:
మధ్యలో ఒక మాట. మీరిద్దరూ వినగలిగేవాళ్ల వైపు నుంచే మాట్లాడుతున్నారు. కళాకారిణి క్రిస్టీన్ సన్ కిమ్ పుట్టుకతోనే బధిరురాలు, ఆమె పనంతా శబ్దం మీదే. మెల్లగా వాయించమని పాశ్చాత్య స్వరలిపిలో వేసే ‘పి’ గుర్తును వరసగా పేర్చి బొమ్మలు గీస్తుంది. ఎన్ని ‘పి’లు చేర్చినా శబ్దం తగ్గుతుందే తప్ప పూర్తి నిశ్శబ్దం రాదని ఆమె అంటుంది.

చెవియొగ్గి:
చీటీ లేని ఉదాహరణ అడిగారుగా, శబ్ద కళాకారుడు మాక్స్ న్యూహౌస్. 2003లో ఆస్ట్రియాలోని గ్రాజ్ నగరంలో మ్యూజియం చుట్టూ ఒక శబ్దాన్ని అమర్చాడు. ప్రతి గంటా పూర్తయ్యే ముందు అది మొదలవుతుంది. వీధి రొదలో కలిసిపోయి, ఎవరూ పట్టించుకోనంత నిదానంగా పెరుగుతూ పోయి, ఠక్కున ఆగిపోతుంది. ఫ్రిజ్ మోటారు ఆగితేనే ఇంతసేపూ మోగిందని తెలిసినట్టు, ఇక్కడా ఆగిన క్షణమే చెవికి తగులుతుంది. దారిన పోయేవాళ్లకు ఎవరూ ఏమీ చెప్పక్కర్లేదు.

తెల్లకాగితం:
ఇది ఒప్పుకున్నాను. అయితే ఈ నిశ్శబ్దానికి ముందు శబ్దం ఉంది, దాన్ని లెక్కగా పెంచిన మనిషి ఉన్నాడు. అంత పని చేసినవాళ్ల నిశ్శబ్దానికి దండం పెడతాను. గది ఖాళీ చేసి తలుపు తెరిచినవాళ్ల మీద నా అభ్యంతరం అలాగే ఉంది.