అప్‌డేట్: రాత్రుళ్లు ఊచలు కొరికే హామ్‌స్టర్

మా సిరియన్ హామ్‌స్టర్ (ఎలుకలా ఉండే చిన్న పెంపుడు జంతువు) రాత్రంతా పంజరం ఊచలు కొరుకుతోంది, ఏ బొమ్మ కొనాలని అడిగాను కదా. సమస్య బొమ్మలు కాదు, అది పరిగెత్తే చక్రం చిన్నది, తవ్వుకోడానికి చోటు లేదు అని మీరన్నారు. అదే నిజం.

18 సెం.మీ. చక్రంలో నడుము వెనక్కి విల్లులా వంగేది. ఇప్పుడు 28 సెం.మీ.ది, సందులు లేనిది పెట్టాం. వీపు తిన్నగా ఉంటోంది, కాలు ఇరుక్కునే భయమూ లేదు.

అన్నిటికన్నా పనిచేసింది కాగితం పొట్టు. ఒక పక్క 25 సెం.మీ. ఎత్తున, మధ్యమధ్యలో ఎండుగడ్డి పొరలు వేస్తూ గట్టిగా అదమాలి. ఒట్టి పొట్టైతే సొరంగం కూలిపోతుంది, గడ్డి దాన్ని పట్టి ఉంచుతుంది. గింజలు గిన్నెలో పెట్టకుండా ఆ పొట్టులోనే చల్లుతున్నాం. ముందు మీసాలు కదుపుతుంది, తర్వాత రెండు చేతులతో తవ్వి బుగ్గల్లో కుక్కేసుకుంటుంది!

బయటికి తీసేది సాయంత్రం అది తనంతట లేచాకే, అదీ నేలమీద కూర్చుని. దానికి దూరం ఆనదు, ఎంత ఎత్తునుంచైనా దూకేస్తుంది. ప్లాస్టిక్ బంతిలో పెట్టి దొర్లించడం మాత్రం వద్దే వద్దు: గాలి సరిగా ఆడదు, సందుల్లో గోళ్లు ఇరుక్కుంటాయి.

తెల్లవారుజామున ఇంకా కాసేపు కొరుకుతోంది. పంజరమే ఇరుకు అనిపిస్తోంది, 100×50 సెం.మీ.ది చూస్తున్నాం.