ఆర్టీఐ మొదటి అప్పీలుకూ జవాబు రాలేదు: రెండో అప్పీలా, ఫిర్యాదా?

తిరుపతిలో మా వీధి మురుగు కాలువ పని పూర్తయిందని బోర్డు పెట్టారు. కాలువ సగం దూరమే ఉంది. వాన పడితే ఆ నీళ్లన్నీ మా గడపలోకే. ఆస్తి పన్ను మాత్రం ఆలస్యం చేస్తే వడ్డీతో సహా వసూలు చేస్తారు!

సోమవారాల్లో అధికారులు ఫిర్యాదులు తీసుకునే కార్యక్రమంలో రెండుసార్లు అర్జీ ఇచ్చాను. రెండుసార్లూ ‘పరిష్కరించబడింది’ అని ఫోనుకు సందేశం వచ్చింది, కాలువ దగ్గరికి మనిషి రాలేదు.

ఆ పని అంచనా పత్రం, ఎం-బుక్ (చేసిన పని కొలతలు రాసే పుస్తకం) నకళ్లు కోరుతూ ఆర్టీఐ (సమాచార హక్కు చట్టం) దరఖాస్తు పంపాను. జూన్ 10న అందినట్టు రసీదు ఉంది. జవాబివ్వాల్సిన 30 రోజులు దాటాక జులై 21న పై అధికారికి చేసే మొదటి అప్పీలు చేతికే ఇచ్చి ముద్ర వేయించుకున్నాను. దానిపై నిర్ణయానికి ఉన్న 45 రోజుల గడువు కూడా అయిపోయింది. మధ్యలో ఒకసారి ఫోను చేసి ‘ఆఫీసుకు వచ్చి చూసుకోండి’ అన్నారు. అదే మాట రాసి ఇవ్వమన్నాను, అంతే, మళ్లీ ఫోను లేదు.

ఆ చట్టం సెక్షన్ 19(3) కింద రాష్ట్ర సమాచార కమిషన్‌కు చేసే రెండో అప్పీలుకు 90 రోజుల సమయం ఉంది. అదే కమిషన్‌కు సెక్షన్ 18 ఫిర్యాదు వేస్తే సమాచారం ఇవ్వని అధికారికి జరిమానా పడవచ్చు గానీ కాగితాలు ఇప్పించే అధికారం కమిషన్‌కు ఉండదని 2011లో మణిపూర్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. నాకు ముందు కావలసింది కాగితాలు. జరిమానా వద్దంటే మాత్రం అబద్ధమే.

రాష్ట్ర సమాచార కమిషన్‌కు వెళ్లినవారు చెప్పండి: 19(3) అప్పీలులోనే జరిమానా కూడా కోరితే సరిపోతుందా, లేక సెక్షన్ 18 ఫిర్యాదు విడిగా వేయాలా?